బంతిపూల బల్ల మీద మూడు ముద్దలు

నాన్న సంవత్సరీకానికి ఒక్కపూట సెలవడిగితే మా మేనేజర్ క్రెయిగ్ నవ్వాడు. "సారీ మేట్! ఇవాళ మెక్సికోవాళ్ళు పోయినవాళ్ళకి చేసే పండుగ. మన మెక్సికన్ రెస్టారెంట్ ఫుల్."

పైగా నాకే పాఠం చెప్పాడు. "ఈరోజు పోయినవాళ్ళు వచ్చి, మనం పెట్టింది తిని వెళ్తారు. బ్యూటిఫుల్ కదా? మీకిలాంటివి ఉండవేమో!"

ఎందుకుంటాయి దొరా, మేం మెల్‌బోర్న్‌లో గిన్నెలు తోమడానికే పుట్టాం.

బల్ల మీద చక్కెర పుర్రెలు, బంతిపూలు, నెట్‌లో దొరికిన ఎవరివో ఫొటోలు పెట్టించాడు. వాటి మధ్య నాన్న ఫొటో నిలబెట్టాను. అన్నంలో నువ్వులు కలిపి మూడు పిండాలు చేసి పళ్ళెంలో దాని ముందు పెట్టాను. కాకి ముడితేనే నాన్నకి అందినట్టు. తలుపులు మూసిన ఏసీ హాల్లోకి కాకెలా వస్తుంది? బయట పెడదామంటే నన్ను గడప దాటనివ్వడాయె.

గిన్నెలు తోమి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. క్రెయిగ్ వేళ్ళు నాకుతున్నాడు.

"సూపర్ మేట్! ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"ఆయనకి నా థాంక్స్ చెప్పు."

ఫొటో వైపు తిరిగాను.

కాకి ముట్టింది నాన్నా. థాంక్స్ కూడా చెప్పమంది.