రెండు నెలల ఎడం

మా సార్డీనియా కొండల్లో పొట్టేళ్లను రెండు నెలలు కంటికి, ముక్కుకు అందనంత దూరం ఉంచి, మే నెలలో మందలోకి వదులుతాం. ఆ కొత్త వాసనకి గొర్రెలు అదును కాకున్నా ఎదకొస్తాయి. ఈసారి ఒక్కటీ తలెత్తలేదు. ఇక క్రిస్మస్‌కు పిల్లల్లేవు, పాలూ లేవు.

“నువ్వే పొట్టేళ్లను ముందే దొంగచాటుగా ఇటు తోలావు! మా సహకార సంఘంలో నీకిక పని లేదు, పో!” కాపరి బకీజియో మీద విరుచుకుపడ్డాను.

“నేను తోల్లేదురా.”

“అబద్ధాలాడకు తాతా!”

ముసలాయన కర్ర అందుకున్నాడు. పోతూ పోతూ ఆగి, నా భుజం వాసన చూశాడు.

“పొద్దున్నే పొట్టేళ్లకు మేతేసిన కోటుతోనే వచ్చి గొర్రెల పాలు పిండమని నువ్వు పంచే సంఘం కరపత్రాల్లో రాసుందా, నాయకా?”

రెండు నెలలూ రోజూ అలాగే వచ్చి, ఆ వాసనను గొర్రెలకు పాతదిగా చేసింది నేనే. కోటు విప్పి నేలకేసి కొట్టి, ఆయన వెనకాలే పరిగెత్తాను.