ఏనుగు తాత పూజ

అడవి జీవాలన్నీ మొక్కుకునే దేవుడి రాయి ఒకటి కొండవాలులో ఉండేది. అక్కడ పూజంతా ఏనుగు తాతదే. నీళ్లు తెచ్చేదీ, పూలు కోసేదీ, పాట పాడేదీ ఆయనే. మిగతావాళ్లు ఎండలో చేతులు కట్టుకుని నిలబడేవారు. రానురాను వచ్చేవాళ్లు తగ్గారు. భక్తి సన్నగిల్లిపోతోందని తాత విసుక్కునేవాడు.

ఒకరోజు కాల్లో ముల్లు దిగి, ఆయన కుంటుకుంటూ ఆలస్యంగా వచ్చాడు. పొద్దెక్కిపోతోందని మిగతావాళ్లే పూజ మొదలుపెట్టేశారు. ఉడుత తెచ్చిన పూలు నలిగిపోయాయి. కోతి దొప్పలో తెచ్చిన నీళ్లు సగం ఒలికిపోయాయి. మైనా మాత్రం కమ్మగా పాడుతోంది. ఇన్నేళ్లలో తాత ఆ గొంతు విననేలేదు.

ఆయన్ని చూడగానే మైనా పాట ఆపేసింది. అందరూ పక్కకి తప్పుకున్నారు. తాత తొండం ఎత్తబోయి ఆగాడు.

"నన్నేం చెయ్యమంటారు?" అని అడిగాడు.

ఉడుత తటపటాయించింది. "ఎండకి పిల్లలు సొమ్మసిల్లుతున్నారు తాతా. కాస్త ఇటుపక్క నిలబడతావా?"

తాత వెళ్లి నిలబడ్డాడు. ఆయన నీడ చిట్టచివరి చీమ దాకా పరుచుకుంది. మైనా మళ్లీ పాట అందుకుంది.

ఇంత నీడ ఉంచుకుని ఇన్నాళ్లూ వీళ్లని ఎండలో నిలబెట్టానా అనుకుంటూ తాత తల దించాడు. అప్పుడు దేవుడి రాయి మీద కూడా నీడ పడింది.