గూఢచారి గొంతు

"ఈ వయసులో గూఢచారికి గోడలు దూకడం అవసరమా? అతని మోకాళ్ల చప్పుడుకే శత్రువులు నిద్ర లేస్తున్నారు."

కూతురు పేపర్లో సమీక్ష పైకి చదివింది. పెద్దాయన భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వుకి చప్పుడు లేదు. ఆరు నెలల కిందట ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు.

'నల్లగొడుగు' వరుసలో ఇది ఐదో సినిమా. పన్నెండేళ్లు అటక మీద పడేసి, ఇప్పుడు దుమ్ము దులిపి మళ్లీ తీశారు. తెర మీద దూకేది ఎవరో పరాయి భాష హీరో. మొదటి నాలుగు సినిమాల్లోనూ అతనికి తెలుగు గొంతు ఈయనదే. ఐదోదానికీ ఈయనే డబ్బింగ్ చెప్పాడు, గొంతు బొంగురుపోతున్నా మాత్రలు మింగుతూ. చెప్పడం పూర్తయిన వారానికే ఆస్పత్రిలో చేరాడు.

"గొంతు గురించి ఏమన్నారు?" పలక మీద రాశాడు. రోజూ అడిగే ప్రశ్నే.

"ఆగు నాన్నా, అక్కడికే వస్తున్నా. కథ అతుకుల బొంత. గ్రాఫిక్స్ మరీ నాసి. ఇంటర్వెల్ దాకా హాయిగా ఓ కునుకు తీయొచ్చు." కూతురు నెమ్మదిగా చదివింది. "కానీ ఆ గొంతు! పన్నెండేళ్లయినా చెక్కుచెదరలేదు. మాటకు ముందు పీల్చే ఆ చిన్న ఊపిరి వినపడగానే హాలంతా ఈలలు."

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. కుర్చీ చేతి మీద వేళ్లతో రెండుసార్లు కొట్టాడు.

కూతురు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు ఆయనది కాదు.

రెండు నెలల కిందట ఆమె పనిచేసే కళ్లద్దాల షాపులో, ఎవరి ఫోన్లోనో ఈ సినిమా ట్రైలర్ మోగింది. మొదటి మాటకే ఆమె చేతిలోని ఫ్రేము జారి కింద పడింది. ఊరందరికీ తేడా తెలియకపోవచ్చు. పుట్టినప్పటి నుంచి ఆ గొంతుతో తిట్లు తిన్న కూతురికి తెలియదా?

స్టూడియోకి ఫోన్ చేసింది. "నిజమేనమ్మా, మళ్లీ చెప్పించాం. పాతది పనికిరాలేదు" అన్నారు. ఎవరు చెప్పారంటే మాత్రం నీళ్లు నమిలారు.

ఆయన చివరి మాటలు చెరిపేశారు. ఇక ఆయన నోటి నుంచి ఇంకో మాట రాదు. సంగతి తెలిస్తే మనిషి దక్కుతాడా? చచ్చినా చెప్పకూడదనుకుంది.

అసలే మనిషి మారిపోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక టీ పిచ్చి కూడా ముదిరింది. ఆమె షాపు నుంచి వచ్చేసరికి సింకులో రోజూ రెండు గ్లాసులు. పోనీలే, ఆ ఒక్క సుఖమైనా మిగిలిందని ఆమె ఊరుకుంది.

సినిమా విడుదలయ్యాక ఆమెకు ఇదే పని. దొరికిన సమీక్షలన్నీ తెచ్చి చదివేది. హాలు బయట మైకు దొరకగానే రెచ్చిపోయే జనం వీడియోలు చూపించేది. సినిమాని తిట్టనివాడు లేడు. గొంతుని మెచ్చుకోనివాడూ లేడు.

సినిమాకి తీసుకెళ్లమని మాత్రం ఆయన ఒక్కసారీ అడగలేదు. బతికిపోయానని సంబరపడింది.

"నువ్వు చూశావా?" ఓ రోజు పలక మీద రాశాడు.

"మొదటి రోజే చూశాగా!" అబద్ధం. హాలు మెట్ల దాకా వెళ్లి ఏడుస్తూ తిరిగొచ్చేసింది.

"నా గొంతు ఎలా ఉంది?"

"అచ్చం నువ్వే నాన్నా."

పెద్దాయన పలక చెరిపి, అదే గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

ఎనిమిదో రోజు ఓ సీనియర్ విమర్శకుడు కొంప ముంచాడు. "ఇది పాత గొంతు కాదు. ఎవరో శ్రద్ధగా నేర్చుకుని చెప్పారు" అని రాశాడు. షాపులో అది చదివి ఆమెకు ముచ్చెమటలు పోశాయి. ఇంట్లోనూ అదే పేపరు. తలనొప్పని చెప్పి ఇంటికి పరిగెత్తింది.

పేపరు బల్ల మీదే ఉంది. అందులో ఆ పేజీ మాత్రం లేదు. పేపరు వేసే అతను పొరపాటున వదిలేసి ఉంటాడు. బతుకుజీవుడా అనుకుంది.

పదో రోజు మధ్యాహ్నం పెద్దాయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మర్నాడు పక్క సర్దుతుంటే దిండు కింద ఆ పేజీ కనపడింది. నాలుగు మడతలు పెట్టి ఉంది.

ఆమె మడతలు విప్పింది. చదివేశాడు. తెలిసిపోయింది. పల్లెత్తు మాట అడగకుండా రెండు రోజులు తనలో తనే కుమిలిపోయాడు. ఆ పేపరు పొద్దున్నే తను ముందు లేచి చూసి ఉంటే నాన్న బతికేవాడు. తిండి మానేసి వారం రోజులు అదే తలుచుకుని ఏడ్చింది.

ఎనిమిదో నాడు ఎవరో తలుపు కొట్టారు. తీస్తే నలభై ఏళ్ల మనిషి, కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"షూటింగ్ పని మీద వేరే ఊళ్లో ఉన్నానమ్మా. నిన్ననే తెలిసింది."

మాటకు ముందు చిన్న ఊపిరి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వేనా! మా నాన్న గొంతు తీసేసి ఆ సినిమాలో మాట్లాడింది నువ్వేనా? ఆయన ఆ దిగులుతోనే పోయాడు. ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఖాళీ కుర్చీ వంక చూసి చేతులు జోడించాడు.

"రోజూ మీరు షాపుకి వెళ్లగానే వచ్చేవాణ్ణమ్మా, మీ నాన్నగారు తన గొంతు బాగాలేదని తనే చెరిపించేసి, కుర్చీ చేతి మీద వేళ్లతో తట్టి చూపిస్తూ ఒక్కో ఊపిరీ నాకు నేర్పారు, 'మా అమ్మాయికి మాత్రం తెలియనివ్వకు, నాన్న గొంతే వింటున్నాననుకోనీ' అని పలక మీద రాసి మరీ ఒట్టు వేయించుకున్నారు."