రొట్టె ముట్టని ముసలాయన

"గేటు తీయకు తల్లీ!"

అరుపు విని బూరుల్ చేతిలో సూది ఆగిపోయింది.

పొద్దుటినుంచీ ఆమె పొదిగే గదిలోనే ఉంది. ఒక్కో గుడ్డుకీ వెడల్పు కొసన సన్నటి సూది దించి, విటమిను ఎక్కించి, చిల్లిని మైనంతో మూస్తోంది. పోయినసారి కోడిపిల్లలు కాళ్లు నిలవక సగం చచ్చాయి. ఈసారీ అంతే అయితే ఫారం మూసుకోవాల్సిందే.

ఉన్న మందు సగం గుడ్లకే సరిపోయింది. మిగతాది మందుల వ్యానులో రావాలి. రేపైతే అదను దాటిపోతుంది.

బయట గేటుకు అడ్డంగా గుర్రం. దానిమీద ఎవరో ముసలాయన ఆయాసపడుతున్నాడు.

వాళ్ల ఆచారం ప్రకారం గుమ్మానికి వచ్చినవాళ్లు రొట్టె తుంచకుండా వెళ్లకూడదు. బూరుల్ రొట్టె తెచ్చింది.

"ముందో ముక్క నోట్లో వేసుకో తాతా."

"వద్దు. నా దగ్గరికి రాకు."

ఆమె మొహం మాడిపోయింది. రొట్టె కాదన్నవాడు మేలు కోరి వస్తాడా?

ఇంతలో వ్యాను వచ్చింది. డ్రైవరు సీసాల పెట్టెతో దిగాడు.

"ఆ బండిలో చావుంది తల్లీ!"

"థూ! పిల్లలు పుట్టే చోట అదేం మాట?"

"పిచ్చి ముసలాడక్కా, నా వెంటే పడ్డాడు," అన్నాడు డ్రైవరు చూపు తప్పించి.

ముసలాయన గుర్రం దిగి, పెట్టె లాక్కుని బండరాయికేసి కొట్టాడు. సీసాలు భళ్లున పగిలాయి.

బూరుల్‌కి కోపంతో ఒళ్లు తెలియలేదు.

"నా నోటికాడ కూడు పడగొట్టావు కదయ్యా! నీ కోళ్లన్నీ చావ!"

ఆయన ఆ తిట్టు విన్నాడు. తలవంచుకుని గుర్రమెక్కి, వ్యానును తరుముకుంటూ వెళ్లిపోయాడు.

దిష్టి పోవాలని ఆమె గది చుట్టూ సాంబ్రాణిలా వాసనొచ్చే ఆర్చా చెట్టు ఆకు పొగ వేసింది.

గుడ్లు పగిలాక, సూది పడ్డ పిల్లలు చెంగున లేచాయి. పడనివి కుంటుతూ నడిచాయి. వాటిని చూసినప్పుడల్లా ముసలాయన్ని తిట్టుకుంది.

ఓ రోజు పశువుల డాక్టరు వచ్చాడు.

"ఈ దారిలో కోళ్లు మిగిలింది నీకొక్కదానికే బూరుల్. ఆ వ్యాను వెళ్లిన ప్రతి ఫారానికీ తెగులంటుకుంది."

"మా గేటు దాటలేదు. ఎవరో ముసలాయన..."

"సరిబులాక్ ఊరి జోల్చు తాత. అంతకు మూడ్రోజుల ముందు వ్యాను ఆయన కోళ్ల దొడ్లోనే ఆగింది. ఆపమని ఫారం ఫారానికీ తిరిగాడు, తన బట్టలకంటిన తెగులు ఎవరికీ అంటకూడదని ఎవరింటా రొట్టె ముట్టలేదు. ఒక్కరూ వినలేదు."

"రొట్టె పట్టుకెళ్తాను. ఎక్కడుంటాడు?"

"దొడ్డి అమ్ముకుని ఎటో పోయాడమ్మా. ఇంకేం మిగిలిందని?"

నీ కోళ్లన్నీ చావ అని తాను తిట్టిన మనిషి, ఆ రోజు తెల్లవారుజామునే తన కోళ్లన్నిటినీ గోతిలో పూడ్చి వచ్చాడని బూరుల్‌కి అప్పుడు తెలిసింది.