ఐదో గైర్‌హాజరు

“ఇయ్యాల బుధవారం గదమ్మా, ఆదివారం చీర కట్టుకొచ్చినవు,” అన్నాడు వకీలు వెంకట్రాజం, సుశీల తెల్లచీరను చూసి.

సుశీల నవ్వలేదు. ఎప్పట్లాగే బొట్టు లేని నుదుటి మీద చెమటను కొంగుతో తుడుచుకుని, సుబేదారిలోని ఆ ఇరుకు ఆఫీసులో బెంచీ చివర కూర్చుంది.

“రేపటి వాయిదాకు ఇంకో గైర్‌హాజరు పిటిషన్ కావాలె సార్.”

“మూడు నెలల్ల నాలుగు వేసినం. ఇది ఐదోది. అసలు వాయిదా అంటే ఏందనుకున్నవు? వాయి అంటే నోరు. నోరు మూసుకొని దా అని. మీ ఆయన నోరైతే మూసుకున్నడు గని వస్తలేడు.”

వెంకట్రాజానిది వాదం కాదు, వినోదమని తోటి వకీళ్ళంటారు. ఆ మాటకు ఆయనే ముందు నవ్వుతాడు.

సుశీల భర్త శామ్యూల్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్. రెండేళ్ళ కింద ఇరవై బస్తాలు మాయమైతే యజమాని అతని పేరే రాసిచ్చాడు. పద్దెనిమిది రోజులు జైల్లో ఉన్నాక బెయిలు వచ్చింది. బేడీలు పోయాయి గానీ, వాళ్ళుండే కొత్తవాడలో ఎవరి నోటికీ బేడీలు పడలేదు. చర్చిలో వాక్యం చదివే శామ్యూల్ తనంత తానే వెనక వరుసకు జరిగాడు. “నిర్దోషి అన్ననాడు ముంగటికి పోయి చదువుత,” అనేవాడు.

మొదటిరోజు శామ్యూల్ ఇదే బెంచీ మీద దగ్గుతూ కూర్చుంటే వెంకట్రాజం అన్నాడు: “పానం పైలం తమ్మీ. ముద్దాయి పోతే కేసు గూడ పోతది. దొంగ అనరు, దొర అనరు, ఫైలు మూస్తరు.”

శామ్యూల్ పకపకా నవ్వాడు. “గట్లయితే తీర్పు దాక దగ్గుకుంటనే బతుకుత సార్.”

ఇప్పుడా ఫైలునే వెంకట్రాజం ముందుకు లాక్కున్నాడు. “పిటిషన్ అక్కెర లేదమ్మా. తాళంచెవి యజమాని అల్లుని దగ్గరుండేదని వాళ్ళ మేనేజరే ఒప్పుకున్నడు. సాక్షులు అయిపోయిన్రు. శామ్యూల్ ఒక్కసారి జడ్జిగారి ముంగట నిలవడి, నాకేం తెల్వదంటే సాలు. నిర్దోషే.”

సుశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం పట్టలేక అనుకున్నాడాయన.

“ఆయన రాకుంట ఆ మాట రాపిచ్చే దారి లేదా సార్?” అంది కొంగు దించి.

“హైకోర్టుల కేసు కొట్టెయ్యమని అడగొచ్చు. మన నంబరొచ్చే వరకు నా నెత్తి మీది నాలుగెంట్రుకలు గూడ విడుదలైతయి. విచారణకు ముందే వదిలెయ్యమనే డిశ్చార్జ్ పిటిషనంటవా, ఆ దశ దాటినం. లేదంటే రాజీ. యజమాని తయారుగున్నడు.”

“రాజీల నిర్దోషి అని రాస్తరా?”

“రాయరు. ముగిసిందని రాస్తరు.”

“వద్దు సార్.”

“పోనీ, ఇంట్ల పండుకునే వీడియోల జడ్జిగారికి కనవడనియ్యి. అడిగి చూస్త.”

“మాట్లాడలేడు సార్.”

“దగ్గి దగ్గి గొంతు పోయిందా?”

“దగ్గు బందయింది.”

“మందు పట్టిందన్నట్టు. మరి రానీకేం రోగం?”

సుశీల చేతిసంచి పట్టీని వేలికి చుట్టింది, విప్పింది.

“తీర్పు కాయితంల ఆయన పేరు పక్కనే ఉంటదా సార్, ఆ మాట?”

“ఉంటది. ఫ్రేం కట్టిస్తవా?”

“రాయి మీద చెక్కిస్త.”

“అబ్బో, కాకతీయుల తర్వాత ఓరుగల్లుల శాసనం వేసేది నువ్వే,” అని వెంకట్రాజం బల్ల చరిచాడు. ఆమె కళ్ళు చూశాక నవ్వు ఆపేశాడు.

“ఇను బిడ్డా. ఇగ జడ్జిగారు ఊకోరు. రేపు రాకుంటే వారంటు. పోలీసులొచ్చి పట్టుకపోతరు. గెలిచే కేసుల గట్ల కావద్దు.”

“పట్టుకపోతరా?” అంది సుశీల. ఆ గొంతులో భయం లేదు. ఎందుకో ఆశలాంటిది ఉంది.

వెంకట్రాజం కండువా సర్దుకుని లేచాడు. “నడవకుంటే ఎత్తుకొస్త. రేపు పొద్దుగాల కారు నేనే తెస్త. బోనుల కుర్చీ వేయిస్త, ఫికర్ చెయ్యకు. శామ్యూల్ ఇంట్లున్నడా, దవాఖానల ఉన్నడా, గది చెప్పు.”

సుశీల ఆ మూసిన ఫైలు మీద రాసిన పేరునే చూసింది.

“సమాధుల తోటల ఉన్నడు సార్.”