ఆ పనిని ఏమంటారు?

తలుపు తీయగానే ఆమె కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

“రామ్మా, మేమేం కొరుక్కు తినంలే,” అంది హెడ్ నర్సు నవ్వుతూ. పక్క కుర్చీలోని ఆసుపత్రి మేనేజరు మాత్రం నవ్వలేదు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఆయా ఉద్యోగం. చిన్నదే. కానీ భర్త పోయాక సబ్బు ముక్కకు కూడా ఒకరి ముఖం చూడాల్సి వస్తున్న మనిషికి అది చిన్నది కాదు.

“ఇదివరకు ఎక్కడ పనిచేశారు?” మేనేజరు బల్లను చూస్తూ అడిగాడు.

“ఎక్కడా లేదండి. ఇంట్లోనే.”

“అంటే ఖాళీగా ఉన్నారన్నమాట.”

“ఖాళీ అంటే...” ఆమె చేతిసంచి తాడును వేలికి చుట్టుకుంది. “మా అత్తగారు మంచంలో ఉన్నారండి. లేవలేరు. అన్నీ నేనే చూసుకుంటాను.”

“మరి ఆ మాట ముందే చెప్పవేం!” హెడ్ నర్సు కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, పక్కకు తిప్పడం, అంతా నువ్వేనా?”

“నేనేనండి.”

“మేం ఇక్కడ చేయించేదీ అదేగా. అనుభవం ఉందని రాసుకోండి సార్.”

“దాన్ని అనుభవం అని ఎలా రాస్తామండీ?” అన్నాడు మేనేజరు. “సేవ అంటారు దాన్ని.”

“సేవ అంటే నడుం నొప్పి రాదా సార్?”

“పోనీ సాయం అందాం. బాధ్యత అందాం. ఏమన్నా సరే, ఉద్యోగం మాత్రం కాదు. జీతం ఇచ్చినవాళ్లు లేరు, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లూ లేరు. రేపు పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను?”

చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఆమె చేసేదాన్ని పుణ్యం అనేవారు. వీధిలోవాళ్లు ఖర్మ అనేవారు. నోరు పడిపోకముందు అత్తగారైతే ఏ పేరూ పెట్టలేదు, చెయ్యి పట్టుకుని ఏడ్చేది. ఇవేవీ ఈ బల్ల దగ్గర చెల్లేలా లేవు.

“సర్టిఫికెట్ సంగతి వదిలేయండి.” హెడ్ నర్సు పట్టు వదల్లేదు. “ఇదిగో అమ్మాయ్, నువ్వు చేస్తుండగా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో ఇంకెవరుంటారు?”

“ఆవిడ చిన్నకొడుకు ఉంటారండి.”

“ఇంకేం మరి! ఆయన్ని ఒక్క మాట చెప్పమను. అవును, ఈవిడే చేస్తుంది అంటే చాలు, పోస్టు నీదే. ఏం సార్, సరేనా?”

“ఆయన చెప్తే... సరే,” అన్నాడు మేనేజరు.

మేనేజరు పెన్ను మూత మళ్లీ పెట్టాడు. ఆమె ఎదురుచూసింది.

“ఏమ్మా, చెప్పడా?”

ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పేయాలనిపించింది. కానీ మళ్లీ వెళ్లి తలదాచుకోవాల్సింది ఆ కొడుకు ఇంట్లోనే.

“చెప్పరనుకుంటానండి,” అంది చివరికి.

“అదేం మనిషమ్మా, రాయా రప్పా? కన్నతల్లికి చేస్తుంటే ఆ మాత్రం నోరు పెగలదా?” హెడ్ నర్సు విసురుగా మేనేజరు వైపు తిరిగింది. “చూశారా సార్, ఎలాంటివాళ్లుంటారో!”

మేనేజరు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. “మన చేతుల్లో ఏముందండీ? తర్వాతివాళ్లను పిలవండి.”

ఆమె లేచింది. చేతిసంచి జారి కిందపడింది. హెడ్ నర్సే వంగి తీసిచ్చి, భుజం తట్టింది.

నడవా సగం దాటిందో లేదో, వెనక బూట్ల చప్పుడు వినిపించింది. ఆమె ఆగింది.

మేనేజరు అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు: “తొందరగా ఇంటికెళ్లు వదినా, అమ్మ నీ చేత్తో తప్ప ముద్ద ముట్టదు.”