అట్టపెట్టెలో రొట్టె

“నా చేతి వంటకి ఎవడి పెట్టే ఇది?”

మిగిలిన రొట్టెలను పెనం మీద కరకరలాడేలా కాల్చి, టమాటా గుజ్జు పూసి, ఉల్లిపాయలూ చీజూ చల్లి, మూతపెట్టి కరిగించింది తల్లి. కూతురు ఆ పిజ్జాలను పెద్ద కొట్టు పేరున్న అట్టపెట్టెలో సర్దుతూ దొరికిపోయింది.

“మెల్లగా అమ్మా! ముందుగదిలో నా స్నేహితురాలుంది, వింటుంది.”

“విననీ! నేనేమైనా దొంగతనం చేశానా?”

“మొన్న వాళ్ళింట్లో నాకు కొట్టు పిజ్జా పెట్టారు. మనం రొట్టె పెడితే నా పరువేం కావాలి? అందుకే వాళ్ళ ఖాళీ పెట్టె సంచిలో వేసుకొచ్చా.”

తల్లికి ఒళ్ళు మండిపోయింది. పెట్టె లాక్కుని విసవిసా వెళ్ళి స్నేహితురాలి ముందు ఠపీమని పెట్టింది.

“ఇది కొట్టుది కాదమ్మా, రొట్టె. తింటే తిను, లేకపోతే లే!”

ఆ పిల్ల పెట్టె మూతకున్న పచ్చ టేపును గోటితో తడిమింది.

“ఇది మా అమ్మ అంటించిన టేపు ఆంటీ. పక్కింటివాళ్ళు ఈ పెట్టె పారేస్తే దాచుకుంది. కనబడక ఇల్లంతా వెతికింది.”

వెనకే వచ్చిన కూతురి ముఖం జేవురించింది. “అయితే మీ ఇంట్లో నేను తిన్నది?”

“రొట్టే.”

“మరి కొట్టుదని ఎందుకు కోతలు కోశావే?”

“నోరు ముయ్యండి ఇద్దరూ!”

తల్లి పెట్టె మూత ఊడబెరికి, కొట్టు పేరు మధ్యగా పర్రున చించింది. ఒక్కో ముక్క మీద ఒక్కో రొట్టె వేసింది.

“చల్లారకముందే తినండి. మీ అమ్మతో చెప్పు, ఈసారి పళ్ళెంలో పెట్టమని.”